అరువు కల

తెడ్డు తిప్పడం ఆగిపోయింది. మొక్కజొన్న సంకటి అడుగంటిన వాసన పెరడంతా పాకింది. అయినా ఇడోరా కదల్లేదు.

"పిల్లా, కుండ చూడు," అంది మెల్వీనా. "చచ్చినవాళ్ళు ఉప్పు లేకుండా తింటారు గానీ మాడింది తినరు."

పొయ్యిల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు.

ఇడోరా నవ్వలేదు. "నెన్నెన్, ఇప్పుడు చెప్పావే, అది మళ్ళీ చెప్పు."

ఇడోరాని జ్ఞానస్నానం నాడు చేతుల్లోకి ఎత్తుకున్నది మెల్వీనాయే. ఆనాటి నుంచీ ఆమె ఈ పిల్లకి నెన్నెన్. కన్నతల్లి కొట్టినప్పుడల్లా ఇడోరా పరిగెత్తింది ఆ ఇంటికే.

"ఏది, మా అమ్మ కలా?" మెల్వీనా కందికాయలు ఒలవడం ఆపలేదు. "జానెట్ తుఫాను కొట్టిన మరుసటేడు. తెల్లారగట్ల. బోర్లేసిన పడవ మీద కూర్చుని ఉంది మా అమ్మ. పాదాల నుంచి మోకాళ్ళ దాకా తడి. చేతిలో దువ్వెన. దువ్వుకోవట్లేదు, ఊరికే పట్టుకుంది. 'నా నెత్తిన రాయి పెట్టకుండా అందరూ హాయిగా పడుకున్నారే, వానంతా నా మీదే కురుస్తోంది' అంది. అంతే. ఆ ఏడే రాయి వేయించాం."

"మీ అమ్మ నయం," అంది పక్కింటి జెస్లిన్. "మా అత్త కల్లోకి వచ్చి కూడా నా కూరలో కారం తక్కువందమ్మా."

మళ్ళీ నవ్వులు. ఇడోరాకి చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ వినబడలేదు.

ఈ కల ఆమెకి తెలుసు. ఈస్టరు మర్నాడు అమ్మ మంచం మీద కూర్చుని, తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంటూ, ఇదే పడవ, ఇదే తడి, ఇదే దువ్వెన చెప్పింది. కూర్చున్నది మాత్రం మెల్వీనా తల్లి కాదు. ఇడోరా అమ్మమ్మ సెలెస్తీన్. చివర ఇంకో మాట కూడా ఉంది. 'నా చేతుల్లో పెరిగిన పిల్లని నీళ్ళు దాటించకండి. నా దగ్గర ఒకరుండాలి.'

ఆ ఒక్క మాట కోసం ఇడోరా ట్రినిడాడ్ నర్సు చదువు వదులుకుంది. హిల్స్‌బరో రేవుకి వెళ్ళి, పడవలో నా చోటు ఇంకెవరికన్నా ఇచ్చుకోమని కెప్టెన్‌తో తన నోటితోనే చెప్పి వచ్చింది. చదువు సోమవారం మొదలు. రేపు పొద్దున వెళ్ళే పడవ తప్పితే సోమవారంలోగా ఇంకోటి లేదు.

"ఈ కల మా అమ్మకి ఎప్పుడైనా చెప్పావా?"

"ఈస్టరుకి ముందు శ్రమదినాల్లో వచ్చిందిగా మీ అమ్మ. మా గడప మీద కూర్చుని రెండుసార్లు చెప్పించుకుంది. దువ్వెన ఏ చేతిలో ఉందని కూడా అడిగింది. తల్లి సమాధికి ఇంకా రాయి లేదని కుమిలిపోతోంది పాపం అనుకున్నా."

"ఏ చేతిలో ఉంది?"

"ఎడమ చేతిలో."

అమ్మ కూడా ఎడమ అనే చెప్పింది.

ఆ దీవిలో కలని ఊరందరికీ విప్పి చెప్పరు. పెద్దలు ఏం కోరారో అది మాత్రం చెబుతారు, అలా సెలెస్తీన్ రాయి అడిగిందనీ పిల్లని ఆపిందనీ ఊరికి తెలుసు. పూర్తి కల సమాధి దగ్గర, రాయి ముందు, అందరూ వింటుండగా చెప్పాలి. ముందే విప్పితే కల పలచబడిపోతుందంటారు. అందుకే అమ్మ యూరలీ కలలో పడవ ఉందనీ దువ్వెన ఉందనీ ఇడోరాకి తప్ప ఎవరికీ తెలియదు.

మెల్వీనా ఒలిచే చెయ్యి ఆగింది. పిల్ల మొహం చూసింది.

"మీ అమ్మ నీకేం చెప్పింది?"

ఇడోరా తెడ్డు కుండకి ఆనించి లేచింది.

"సంకటి మాడిపోయింది, నెన్నెన్. ఇంకో కుండ ఎక్కించండి."

*

ఇంట్లో ముందు గది మంచం మీద అమ్మమ్మ సమాధి రాయి పడుకుని ఉంది. నిన్ననే రేవు నుంచి తెచ్చి తెల్ల దుప్పటి కప్పారు. పక్కనే బల్ల మీద యూరలీ పోయిన పెద్దలకి పెట్టే పళ్ళేనికి గుడ్డ పరుస్తోంది. ముడత లేకుండా అరచేత్తో మళ్ళీ మళ్ళీ రాస్తోంది.

"తలుపు వేసి రా. పొగ వస్తోంది," అంది వెనక్కి తిరగకుండానే.

ఇడోరా తలుపు వేసింది.

"దువ్వెన ఏ చేతిలో ఉందమ్మా?"

"ఏ దువ్వెన?"

"కలలో. అమ్మమ్మ చేతిలో."

యూరలీ గ్లాసు తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. "ఎడమ చేతిలో. చెప్పాగా."

"నెన్నెన్ వాళ్ళమ్మది కూడా ఎడమేనట."

బయట ఎవరో డోలు బిగిస్తున్నారు. ఒక్కో దెబ్బ కొట్టి చెవి పెట్టి వింటున్నట్టుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య చాలాసేపు పడుతోంది.

"చచ్చినవాళ్ళందరిదీ ఒకటే ఊరు," అంది యూరలీ. "ఒకేలా ఉంటారు."

"ఒకే పడవ మీద కూర్చుంటారా?"

"గొంతు తగ్గించు. రాయి లోపలుంది."

"అయితే రాయి మీద చెయ్యి వేసి చెప్పు."

యూరలీ గ్లాసు బల్ల మీద పెట్టింది. మంచం దగ్గరికి వెళ్ళింది. నిద్రపోతున్న మనిషికి సర్దినట్టు కాళ్ళ వైపు దుప్పటి అంచు లాగి సర్దింది. వేలు కూడా రాయికి తగలకుండా సర్దింది.

"రాలేదు," అంది.

ఇడోరా వింటూ నిలబడింది. ఇంకేమన్నా చెబుతుందేమో అని చూసింది. అమ్మ దుప్పటి వైపే చూస్తోంది.

"ఎప్పుడూ రాలేదు. ఆవిడ పోతే కళ్ళు మూసింది నేను. నీళ్ళు పోసింది నేను. జుట్టు అల్లింది నేను. తమ్ముడని జోసాయా మావయ్యకి వచ్చింది. మెల్వీనాకి వచ్చింది. ఆ జెస్లిన్‌కి కూడా వచ్చిందే, తీసుకున్న కోడి తిరిగివ్వమని. కోడి కోసం అంత దూరం నడిచొచ్చిన మనిషి, తను పడుకున్న మంచం మీదే పడుకున్న కూతురి దగ్గరికి రాలేదు. ఆవిడ గుడ్డ తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. అయినా రాలేదు."

ఇడోరాకి జాలి వేసింది. జాలి వేసినందుకు ఒళ్ళు మండింది.

"అందుకని అరువు తెచ్చుకున్నావు."

"రాయి వెయ్యాల్సిందే కదా. ఎన్నాళ్ళని మట్టిలో ఉంచుతాం. అందులో నేను చేసిన పాపమేంటి?"

"రాయి సంగతి అడగట్లేదు. చివరి మాట. పిల్లని నీళ్ళు దాటించొద్దన్నది. అది నెన్నెన్ కలలో లేదు. అది ఎవరి మాట?"

"నాది."

అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు ఇడోరా. గొడవకి సిద్ధపడి వచ్చిన మనిషికి తలుపు తెరిచి ఉంటే ఏం చెయ్యాలో తోచదు.

"మీ నాన్న రెండేళ్ళన్నాడు," అంది యూరలీ. "నువ్వు నా చంకలో ఉన్నావు. నీ చెయ్యి పట్టుకుని నేనే ఊపించాను. ఓడ కనబడనంత దూరం పోయాక కూడా నువ్వు ఊపుతూనే ఉన్నావు. ఇంగ్లండులో ఇప్పుడు ఆయనకి ఇద్దరు మగపిల్లలు. నీళ్ళు తీసుకుపోయినదాన్ని తిరిగివ్వవు."

"ట్రినిడాడ్ ఇంగ్లండు కాదు. ఇవాళ ఎక్కితే రేపు దిగుతారు."

"ఉప్పు ఒకటే."

"ఉండిపొమ్మని ఒక్కసారి అడగొచ్చుగా."

"అడిగితే ఉండేదానివా?"

ఇడోరా చూపు తిప్పుకుంది.

"చూశావా," అంది యూరలీ.

"ఉండేదాన్నో లేదో నాకే తెలియదు. తెలుసుకోనిచ్చావా? నువ్వడగలేదు. చచ్చినావిడ చేత అడిగించావు. నీకైతే కాదని చెప్పగలను, ఆవిడకి చెప్పలేనని నీకు తెలుసు. నన్ను పెంచిన మనిషిని తెచ్చి నా కాళ్ళకి కట్టావు."

"ఆవిడ ఉంటే అదే అనేది."

"ఆవిడ అనేది కాదు. ఆవిడ నిన్ను కూడా ఏనాడూ ఉండమనలేదు."

ఆ మాట గట్టిగానే తగిలింది. యూరలీ బల్ల దగ్గరికి తిరిగొచ్చి మళ్ళీ గ్లాసు తీసింది. తుడవడానికి ఏమీ లేదు అందులో.

"కెప్టెన్‌కి చెప్పి వచ్చిన రోజు," అంది ఇడోరా, "నాకు చేప వేపుడు పెట్టావు. నీ ముక్క కూడా నా కంచంలో వేశావు. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూశావు. నా మీద ప్రేమ అనుకున్నాను. అమ్మమ్మ మాట నిలబెట్టానని మురిసిపోతున్నావనుకున్నాను. సిగ్గు లేకుండా తిన్నాను."

"ప్రేమే."

"ఆ మాటనకు."

బయట డోలు గొంతు కుదిరినట్టుంది, దెబ్బలు దగ్గరయ్యాయి. మేకమాంసం ఉడుకుతున్న వాసన తలుపు సందుల్లోంచి వస్తోంది. ఊరందరూ ఆ వాకిట్లోనే ఉన్నారు.

"ఇంకా మించిపోలేదమ్మా. రేపు పొద్దున పడవుంది. జోసాయా తాతని లోపలికి పిలుస్తాను. ఆయనొక్కడికి చెప్పు. కల రాలేదని చెప్పు."

"చెప్పి?"

"తాత మంచివాడు."

"మంచివాడే. ఆయన పెళ్ళాం మంచిది కాదు. సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. చచ్చినవాళ్ళ నోట్లో మాట పెట్టిన ఆడది అంటారు. స్వతంత్రం వచ్చింది, కొత్త జెండా ఎగిరింది, బళ్ళో కొత్త పాట పాడుతున్నారు, సరే. ఈ ఊళ్ళో మాత్రం అలాంటిదాని చేతి నీళ్ళు ఇప్పటికీ తాగరు. నేను పోయాక నాకు పళ్ళెం ఎవరు పెడతారు?"

"మరి నేను? నేనేమైపోవాలి?"

"నువ్వు నాకు పెడతావు. అందుకేగా ఉండమంది."

ఇడోరా తల్లి మొహం చూసింది. అందులో మోసం లేదు. కందికాయ ఒలుస్తూ చెప్పినట్టు చెప్పింది. అదే భయమేసింది ఆమెకి.

"వెళ్ళు," అంది యూరలీ. "వాకిలి నిండా జనం. కుండల దగ్గర నిలబడి చెప్పెయ్యి. మా అమ్మ దొంగ అని చెప్పు. ఎవరూ నీ నోరు మూయట్లేదు."

ఇడోరా తలుపు వైపు ఒక అడుగు వేసి ఆగింది.

"చెప్పలేవు. నాకు తెలుసు." యూరలీ గొంతు తగ్గింది, దాదాపు లాలించినట్టుంది. "చచ్చినవాళ్ళు ఆపినదాన్ని నువ్వు తియ్యలేవు, నేను తియ్యలేను, జోసాయా మావయ్యా తియ్యలేడు. ఇక ఆవిడే వచ్చి తియ్యాలి. వెళ్ళి మొహం కడుక్కో."

"రాయి దగ్గర ఏ కల చెబుతావు? నెన్నెన్ వింటుంది."

"ఆ మోకాళ్ళతో ఆవిడ కొండెక్కదు."

తలుపు తట్టారు. జోసాయా తాత గొంతు. "అమ్మాయ్ యూరలీ, మగవాళ్ళు వచ్చారు. అక్కని లేపుదామా?"

"రా మావయ్యా," అంది యూరలీ, గౌను అంచుతో మొహం తుడుచుకుని. "సిద్ధంగానే ఉంది."

*

మెల్వీనా కొండెక్కింది. నడిచి కాదు. అన్నగారి కొడుకులిద్దరు ఆమెని కుర్చీతో సహా మోసుకొచ్చారు.

"రాయి కంటే నేనే బరువున్నానట," అంటోంది దారిపొడుగునా. "వీళ్ళు తిన్న నా చేతి రొట్టెల బరువురా అది."

కుర్చీని సమాధికి ఎదురుగా, మొదటి వరసలో దించారు. ఆమె బాగా వినబడే చెవి రాయి వైపు తిప్పుకుని కూర్చుంది.

యూరలీ అది చూసింది. ఆమె చూడడం ఇడోరా చూసింది.

కొండ కింద సముద్రం తెల్లగా మెరుస్తోంది. రాయిని దించి మట్టి సర్దారు. డోలు ఆగింది. సెలెస్తీన్ తమ్ముడు జోసాయాయే ఇప్పుడు ఆ వంశంలో పెద్ద. రమ్ము సీసా మూత తీసి నేల మీద చిలకరించాడు. తర్వాత నీళ్ళు చిలకరించాడు.

"అక్కా, ఆలస్యమైంది," అన్నాడు. "కోప్పడకు. కోప్పడినా మాకు అలవాటేలే. రాయి బాగుంది, గ్రెనడా నుంచి తెప్పించాం. నీ పేరు తప్పుల్లేకుండా చెక్కారట, చదువుకున్నవాళ్ళు చెప్పారు. ఇక వాన నీ మీద పడదు." కళ్ళు తుడుచుకుని జనం వైపు తిరిగాడు. "కల ఎవరికి వచ్చిందో వాళ్ళు ముందుకు రండి. కల విప్పండి."

యూరలీ ముందుకు వచ్చింది. తెల్ల గౌను, తెల్ల తలగుడ్డ. చేతులు ముందు కట్టుకుంది.

"అమ్మ వచ్చింది," అంది. "తెల్లారగట్ల వచ్చింది. పడవ..."

మెల్వీనా తల కొంచెం ముందుకి వంచింది.

"పడవ కాదు," అంది యూరలీ. "ఒడ్డున... ఒడ్డున నిలబడి..."

ఆగిపోయింది. గాలికి ఆమె తలగుడ్డ కొస కొట్టుకుంటోంది. జనంలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"కంగారేం లేదు తల్లీ," అన్నాడు జోసాయా. "ఏడుపొస్తే ఏడు. మేమాగుతాం."

"పడవేనా, ఒడ్డా?" అంది వెనక నుంచి ఓ ఆడగొంతు. జోసాయా భార్యది. "కల అన్నాక ఏదో ఒకటి ఉంటుందిగా."

యూరలీ పెదవులు కదులుతున్నాయి. మాట లేదు. ఆమె కళ్ళు జనంలో వెతికి ఇడోరా మీద ఆగాయి. సాయం అడగడం ఆ మనిషికి చేతకాదు. ఇప్పుడూ అడగలేదు. చూసింది, అంతే.

ఇడోరా ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. కాసేపట్లో అమ్మ తనంతట తానే కూలిపోతుంది. కల అబద్ధమని తేలుతుంది. పడవా దొరుకుతుంది. ఈ జనమంతా అమ్మ మీద ఉమ్మేసి కొండ దిగుతుంటే తను పెట్టె పట్టుకుని రేవుకి వెళ్ళొచ్చు.

ఆమె రెండడుగులు ముందుకు వేసింది.

"తాతా, అమ్మ చెప్పలేకపోతోంది. నాకూ వచ్చింది."

"ఏం వచ్చింది?"

"కల. అమ్మమ్మ నాక్కూడా వచ్చింది. ఇవాళ పొద్దున, కోడి కుయ్యకముందు."

యూరలీ తల గిరుక్కున తిరిగింది.

"చెప్పు మరి," అన్నాడు జోసాయా.

"సంతకి వెళ్ళేటప్పుడు పెట్టుకునే టోపీ పెట్టుకుని వచ్చింది. మంచం పక్కన నిలబడింది. ముందు దుప్పటి చూసింది. కొస ఎత్తి వాసన చూసింది. 'ఇది ఉతికి ఎన్నాళ్ళయిందే' అంది."

ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. జెస్లిన్ "ఆవిడే, ఆవిడే" అంది.

"కూర్చో అమ్మమ్మా అన్నాను. 'కూర్చుంటే కబుర్లు పెడతారు, నాకు పనుంది' అంది. 'జోసాయాకి చెప్పు, వాడి పైపు కంపు నా దాకా వస్తోంది' అంది."

జోసాయా చొక్కా జేబులోని పైపు మీద చెయ్యి వేసుకున్నాడు. ముసలి మొహం పిల్లాడి మొహంలా అయిపోయింది.

ఇడోరా వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఒక మాట అయ్యేసరికి ఇంకో మాట నాలుక మీదికి వచ్చేస్తోంది. ఇంత తేలికని ఆమె అనుకోలేదు. అమ్మకి ఇది చేతకాక గడపగడపా తిరిగి అడుక్కుంది కదా అని కూడా అనిపించింది.

"తర్వాత నా వైపు చూసింది. 'రాయి వేస్తున్నారటగా' అంది. అవునన్నాను. 'అంత రాయి మీద పెట్టాక నేనెక్కడికి పోతానే, నాకు కాపలా ఎందుకు? వద్దన్నప్పుడు రాయి లేక కోపంలో అన్నాను. నిన్ను పంపెయ్యమని చెప్పు. రోగుల దగ్గర దుప్పట్లు ఉతకడమన్నా నేర్చుకుంటావు' అంది. అని వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు."

"ఎప్పుడేసింది గనక," అన్నాడు జోసాయా. కన్నీళ్ళు గడ్డం మీద నుంచి కారుతున్నా తుడుచుకోలేదు. "అక్కే. ఈ మాటలు అక్కవే."

జనం గుసగుసలు పోయారు. ఆయన చెయ్యెత్తాడు.

"మొదటి కల రాయి కోసం. రాయి వచ్చింది. రెండో కల పిల్ల కోసం. ఆపినావిడే వచ్చి పొమ్మంది. ఇక దీనిమీద ఎవరికీ మాట లేదు. కెప్టెన్ ఏడీ?"

"ఉన్నా," అన్నాడు కెప్టెన్ జనం లోంచి. "పొద్దున్నే బయల్దేరతాం. చోటంటే మేకల పక్కనే ఉంది మరి. వాసన ఓర్చుకుంటే."

"నర్సు కాబోయేదానికి వాసనేంటి," అంది జెస్లిన్.

ఈసారి అందరూ బాహాటంగా నవ్వారు. డోలు మొదలైంది. ఆడవాళ్ళు వచ్చి ఇడోరా బుగ్గలు పట్టుకున్నారు. నీ మీద ఎంత ప్రేమో చూడు, పోయి కూడా నిన్ను మర్చిపోలేదు అన్నారు. ఆమె తల ఊపుతూ నిలబడింది. రేపీ వేళకి తను నీళ్ళ మీద ఉంటుంది. సంతోషం వస్తుందని ఎదురుచూసింది. రాలేదు.

మెల్వీనా కుర్చీ దగ్గరికి వెళ్ళి ముద్దు పెట్టుకోవడానికి వంగింది. ముసలామె ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి చెవి దగ్గరికి లాక్కుంది.

"మీ అమ్మ కంటే బాగా చెప్పావు," అంది.

ఇడోరా లేచి నిలబడేసరికి నెన్నెన్ మొహం అవతలికి తిప్పేసుకుంది. "నన్ను దించండర్రా," అంటోంది అన్నగారి కొడుకులతో. "ఇక్కడ ఎండగా ఉంది."

ఇంటివాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి రాయి మీద నీళ్ళు చిలకరిస్తున్నారు. ఇడోరా వంతు వచ్చింది. గ్లాసు అందుకోబోతే పక్క నుంచి తడి చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది.

అమ్మ.

ఇప్పుడంటుంది అనుకుంది ఇడోరా. నువ్వూ దొంగవే అంటుంది. నా కూతురివే అనిపించావు అంటుంది. ఏమన్నా సరే, ఇద్దరికీ నోళ్ళు కట్టేసుకున్నట్టే. ఈ కొండ మీద ఒకరి గుట్టు ఒకరు విప్పలేరు. జవాబు కూడా సిద్ధం చేసుకుంది.

"మంచం పక్కనా?" అంది యూరలీ. డోలు చప్పుడులో ఆ గొంతు ఇడోరాకి తప్ప ఎవరికీ వినబడలేదు.

"ఏంటి?"

"మంచం పక్కన నిలబడిందన్నావు. ఏ పక్క?"

ఇడోరా తల్లి కళ్ళల్లోకి చూసింది. వెటకారం కోసం వెతికింది. లేదు.

"కిటికీ వైపు," అంది.

"నేను పడుకునే వైపు." యూరలీ పట్టు బిగించింది. "నేనక్కడే ఉన్నాను కదా. నిద్రపోతున్నాను కదా. ఆ టోపీ నేనే కొన్నాను ఆవిడకి. నన్ను చూసిందా?"

"అమ్మా."

"నిన్నేం అడగట్లేదు. పడవెక్కు, ఆపను. ఇది ఒక్కటి చెప్పు. అంత దగ్గర నిలబడింది కదా. నా వైపు ఒకసారైనా తిరిగిందా?"

వెనక వరసలో జనం ఆగి ఉన్నారు. జోసాయా తాత నీళ్ళ గ్లాసు చాపి పట్టుకున్నాడు. ఒక్క మాట చాలు. ఆ మాట పట్టుకుని ఈ మనిషి చచ్చేదాకా బతుకుతుంది. ఇందాక నాలుక మీదికి అంత తేలిగ్గా వచ్చిన మాటల్లో అది కూడా ఉంది, ముందు వరసలోనే ఉంది.

చేప ముక్క తన కంచంలో వేసి, తింటుంటే చూస్తూ కూర్చున్న మొహం ఇదే.

"తిరగలేదు," అంది ఇడోరా. "నీ వైపు చూడలేదమ్మా."

యూరలీ మెల్లగా తల ఊపింది. ఎప్పటి నుంచో తెలిసిన సంగతి విన్నట్టు ఊపింది.

పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.